ముహూర్తపు ఇసుక

ఏడో బకెట్టు నీళ్లు కూడా పాలలాగే దిగాయి. చిక్కటి పాలలా కాదు, మాదాపూర్ పాలవాడు పోసే పాలలా. భూలక్ష్మి బాత్రూంలో పీట వేసుకుని, మోచేతుల దాకా ఇసుకలో పెట్టి, కలుపుతూ, వంచుతూ, మళ్లీ పోస్తూ ఉంది. ట్యాంకరు వారానికి రెండుసార్లే వచ్చే ఆ కాలనీలో కోడలి తలస్నానానికి చెంబులు లెక్కపెట్టే అత్త అనసూయమ్మ, ఇసుక స్నానానికి మాత్రం ఎన్ని నీళ్లయినా పోయమంది. ఇసుక సామాన్యమైనదా? మద్రాసు నుంచి రైలెక్కి, కూలీ నెత్తినెక్కి, ఆటో ఎక్కి వచ్చింది. హాల్లో ఈశాన్య మూలన ఐదడుగుల అద్దాల తొట్టి దానికోసం నోరు తెరుచుకుని ఉంది. అందులో సముద్రం పెట్టాలి. పెట్టేది మొగుడు మధుసూదన్, కడిగేది భూలక్ష్మి. చేపట్టినవాడు చేపలు పడతానంటే బకెట్టు పట్టేది ఎవరు మరి?

మధుసూదన్‌ది కడప. కొత్తగా లేచిన గుండ్రటి టవర్‌లో ఉద్యోగం. రెండువేల సంవత్సరం వచ్చేసరికి లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయట, వాటికి గుర్తు చేయడం ఆయన పని. పెళ్లిరోజు తేదీ మాత్రం ఆయనకు భూలక్ష్మే గుర్తు చేయాలి. ఆయన పై అధికారి రామబ్రహ్మంగారు సింగపూర్‌లో ఉండి వచ్చినవాడు. ఆ ఇంట్లో ఉప్పునీళ్ల తొట్టి, పగడపు రాళ్లు, వాటి మధ్య రంగురంగుల చేపలు చూసి వచ్చిన రోజు నుంచి మధుసూదన్‌కు నిద్ర లేదు. అలాంటిది తనింట్లోనూ పెట్టి, ఆయన్ని భోజనానికి పిలిస్తే, ప్రాజెక్ట్ మేనేజర్ కుర్చీ ఈదుకుంటూ వచ్చేస్తుందని నమ్మకం.

ఏ ఇసుక వేయాలన్న చర్చ మూడు రోజులు నడిచింది. పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ ముందు లారీ ఇసుక గుట్టగా పడి ఉంది కదా, జల్లించి తెచ్చేస్తే పోలేదా అన్నాడు మధుసూదన్. అందులో మట్టి ఎక్కువ, సముద్రపు నీళ్లకు సున్నపు జాతి ఇసుకే మేలు అంది భూలక్ష్మి. ఆయన వినలేదు, మద్రాసు దుకాణానికి ఫోన్ చేశాడు. దుకాణంవాడు పౌడరులాంటిది, నడి రకం, బఠాణీ అంతది, మూడు రకాలు పొట్లాలు కట్టి పంపాడు. భూలక్ష్మి చిటికెడు చొప్పున అరచేతిలో వేసుకుని బొటనవేలితో రాసి చూసింది. పౌడరైతే పంపు నీళ్లు కొట్టిన ప్రతిసారీ లేస్తుంది, బఠాణీలైతే సందుల్లో చేపల తిండి ఇరుక్కుని కుళ్లుతుంది, కాబట్టి నడి రకమే మంచిదని చెప్పింది. ఆయన మళ్లీ మద్రాసుకు ఫోన్ చేశాడు. రిసీవరు పెట్టేసి, ఏదో కనిపెట్టినవాడిలా, "నడిరకమే వేయాలంట. ఆయన చెప్పినాడు" అన్నాడు. భూలక్ష్మి మాట మద్రాసు వెళ్లి ఎస్టీడీ చార్జీలతో తిరిగొస్తే గానీ ఆ ఇంట్లో మాట కాదు.

ఇసుక గురించి ఆమెకు ఎట్లా తెలుసని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అందరికీ తెలుసు. పెళ్లికి ముందు రెండేళ్లు బోరబండ దగ్గర మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసింది. జల్లెళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇసుక పోసి, ఊపి, ఏ జల్లెడలో ఎంత నిలిచిందో తూచి, ఏ నేల ఎంత బరువు మోస్తుందో రాసి సంతకం పెట్టేది. ఆ సంతకం మీద నాలుగంతస్తులు లేచేవి. పెళ్లిచూపుల్లో మధుసూదన్ తరఫువాళ్లు అది విని ముచ్చటపడ్డారు కూడా. పెళ్లయిన ఆర్నెల్లకు "ఇసుక జల్లించేదానికి ఇంజినీరింగు చదవల్లనా ఏమ్మే, మా ఊర్లో కూలోళ్లు జల్లిస్తారు" అంది అనసూయమ్మ. ఆ వారమే "రాజీనామా రాయి" అన్నాడు మధుసూదన్. రాజీనామాలో రాజీ ఆమెది, నామం కూడా ఆమెకే. నాలుగేళ్లయింది. అప్పుడు ఆయన అన్న ఆ 'రాయి' ఇప్పటికీ ఆమె గుండెల మీదే ఉంది.

పదో బకెట్టుకు నీళ్లు తేటపడ్డాయి.

తొట్టికి ముహూర్తం పెట్టించింది అనసూయమ్మ. నీళ్లు ఈశాన్యంలో, బరువు నైరుతిలో అన్నది ఇంటికి శాస్త్రమైతే తొట్టికి మాత్రం కాదా అని ఆమె వాదన. కాబట్టి రాళ్లన్నీ తొట్టి నైరుతి మూలన, ఎత్తుగా. శుక్రవారం తొమ్మిది ఇరవైకి శంకుస్థాపన. తీరా ఆ పొద్దున రాళ్ల పార్సిలు రైల్లో రాలేదు. ముహూర్తం దాటిపోతోంది. అనసూయమ్మ కడిగిన ఇసుకలో చిటికెడు పసుపు చల్లి, కొడుకు చేత మూడు దోసిళ్లు వేయించి, తక్కినదంతా కోడలి చేత పోయించింది. మధ్యాహ్నం మూడింటికి తడి గోనెసంచుల్లో రాళ్లు దిగాయి.

"ఇసుక ఒక పక్కకు జరుపుదామండీ" అంది భూలక్ష్మి. "రాయి నేరుగా అద్దం మీద కూర్చోవాలి. కింద పీవీసీ గొట్టం ముక్కలు కాళ్లలాగా పెట్టి, వాటి మీద రాళ్లు పేర్చి, చుట్టూ ఇసుక పోద్దాం. ఇసుక మీద రాయి పెడితే నిలవదు."

"ముహూర్తానికి పోసిన ఇసుకను కదిలిస్తారా ఎవరన్నా?" అంది అనసూయమ్మ. నీకు ఎక్కడ చూసినా పునాదులే కనపడతాయా, ఇది బిల్డింగు కాదు, డెకరేషన్ అన్నాడు మధుసూదన్. దుకాణంవాడికి ఫోన్ చేయమంది భూలక్ష్మి. రాళ్ల గురించి అడగడానికి ఏముంటుంది, రాళ్లు రాళ్లే కదా అన్నాడు. ఐదు రాళ్లు ఒకదాని మీద ఒకటి నైరుతి మూలన ఇసుక మీద లేచాయి, దూరం నుంచి చూస్తే గోపురంలా, దగ్గర నుంచి చూస్తే భూలక్ష్మి సంసారంలా.

నీళ్లు కుదురుకున్నాక నెల రోజులకు చేపలొచ్చాయి. వాటిలో ఒకటి గోబీ. గోబీ అంటే ఇన్నాళ్లూ మంచూరియానే అనుకుంది భూలక్ష్మి. చూపుడువేలంత కూడా లేని ఆ చేపకు పొద్దస్తమానం నోటితో ఇసుక తీసి పక్కకు ఉమ్మడమే పని. అదీ ఎక్కడ? సరిగ్గా రాళ్ల కింద. దానికి ఇల్లు కావాలి, అందుకు నైరుతి మూల పునాది తవ్వాలి. రోజూ పొద్దున మధుసూదన్ ఆఫీసుకు వెళ్లగానే భూలక్ష్మి చీర చెంగు దోపి, స్టూలెక్కి, చంక దాకా తొట్టిలో చేయి పెట్టి, అది తవ్విన ఇసుకంతా మళ్లీ రాయి కిందికి కూరేది. చేప తవ్వడం, ఆమె కూరడం. దానికైనా సాయంత్రానికి అలుపొచ్చేది. ఉప్పునీళ్లకు చేతి మీద తోలు పొరలు పొరలుగా లేచింది. నానక్‌రామ్‌గూడ నుంచి పనికొచ్చే నీలమ్మ ఆ చేయి చూసి, "ఏందమ్మా, చేపలకు గింత పరేషానా? మా ఇంట్లనైతే పులుసు పెట్టుకుంటం" అంది. భూలక్ష్మికి నవ్వొచ్చింది. ఆ నవ్వు తొట్టి అద్దంలో కనపడింది. రాళ్లకూ అద్దానికీ మధ్య ఇరుక్కున్న మొహం.

ఆ వారమే జయలక్ష్మి మేడమ్ ఫోన్ చేసింది. పాత ల్యాబ్‌లో ఇన్‌ఛార్జి. ఈ చుట్టుపక్కల ఎన్ని టవర్లు లేస్తున్నాయో చూస్తున్నావు కదా, ఒక్కో చోట ఒక్కో నేల, ఇసుక పట్టుకుని చెప్పగలిగినవాళ్లు నాకు దొరకడం లేదు, సోమవారం చేరతావా, ఆదివారం పదకొండింటికి ఫోన్ చేస్తా, అవునో కాదో చెప్పు, కాదంటే వేరే అమ్మాయిని తీసుకోవాలి, అంది. భూలక్ష్మి ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ విషయం చెప్పింది. మధుసూదన్ ముద్ద నోట్లో పెట్టుకుని, "టైమింగ్ చూడు. ఆదివారం రామబ్రహ్మం సార్ భోజనానికొస్తున్నాడు. నువ్వు పోతే తొట్టి ఎవరు చూస్తారు?" అన్నాడు. పాప ఎవరు చూస్తారు, అమ్మను ఎవరు చూస్తారు అనే ప్రశ్నలు వినడం ఆమెకు అలవాటే. పాప లేదు, అమ్మ గట్టిగానే ఉంది, ఇక మిగిలింది గోబీ. ఒక ఆడదాని ఉద్యోగానికి అడ్డుపడడానికి చూపుడువేలంత చేప చాలు. ఆదివారానికి ఏం చెప్పాలో ఆమె రోజుకు పదిసార్లు అనుకుంది, పదిసార్లూ తొట్టిలో చేయి పెట్టి ఇసుక కూరింది.

ఆదివారం పొద్దున వంకాయ కూర పొయ్యి మీద ఉండగా హాల్లో 'టక్' మని శబ్దం వచ్చింది. భూలక్ష్మి గరిటె వదిలేసి పరిగెత్తింది. అడుగు రాయి వొరిగింది. పైన నాలుగూ ముందు అద్దం వైపు వాలుతున్నాయి. స్టూలు మీదికి ఎగిరి, చేయి దించి, అడుగు రాయి కింద అరచేయి పెట్టి ఆపింది. తీస్తే అద్దం, అద్దం పగిలితే హాలంతా సముద్రం.

"ఏమండీ, పై రాళ్లు ఒక్కొక్కటే తీయండి. పది నిమిషాల పని."

మధుసూదన్ గడియారం చూసుకున్నాడు. ఇంకో అరగంటలో సార్ వస్తాడు. రాళ్లు తీస్తే నీళ్లు బురదవుతాయి, సాయంత్రం దాకా తేటపడవు. ఆయన వచ్చి చూడాల్సింది రాళ్లనే. "అట్లనే పట్టుకోని ఉండు" అన్నాడు. "చేయి రాళ్ల వెనక ఉంది, కనపడదు. తొట్టి సర్దుతున్నావనుకుంటారు. సార్ వాళ్లు చూసేసి భోజనానికి కూర్చున్నాక తీద్దాం. అమ్మ వడ్డిస్తుంది."

ఆ మాట ఆయన కోపంగా అనలేదు, అదే ఆమెకు ఆశ్చర్యం. గొళ్లెం వేసి రా అన్నంత మామూలుగా అన్నాడు. లోపలికెళ్లి, ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ ఇస్త్రీ కూడా పొద్దున ఆమె చేసిందే. అనసూయమ్మ వచ్చి కోడలి వంక చూసి, పట్టుచీర తడుస్తుంది, కొంగు పైకి లాక్కోమంది. భుజం లాగడం మొదలైంది. గోబీ వచ్చి ఆమె చిటికెనవేలి పక్కన ఇసుక నోట్లోకి తీసుకుని దూరంగా ఊసింది. వేలి కింద పట్టు ఇంకాస్త తగ్గింది. ఇలా ఎంతసేపు నిలబడగలదో ఆమె లెక్కగట్టుకుంది. చాలాసేపు నిలబడగలదు. భయమేసింది అందుకే.

పదకొండింటికి ఫోన్ మోగింది. హాలు అవతలి మూలన ఉంది. అనసూయమ్మ ఎత్తి, ఎవరో విని, "ఆ పిల్లకు చెయ్యి ఖాళీ లేదమ్మా" అంది.

"ఫోన్ పెట్టేయొద్దత్తా" అంది భూలక్ష్మి. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇటు రండి. నేను చేయి తీస్తున్నా."

గట్టిగా అనలేదు. అందుకేనేమో ఆయన నమ్మాడు. రెండంగల్లో వచ్చి, చొక్కా చేయి మడిచే టైము కూడా లేక, భుజం దాకా నీళ్లలో పెట్టాడు. ఆమె ఆయన అరచేతిని పట్టుకుని, తెరిచి, రాయి కింద సరిగ్గా కుదిర్చింది. పెళ్లిలో ఆయన తన చేయి పట్టుకున్న తర్వాత, తను ఆయన చేయి పట్టుకుని ఒక పనిలో పెట్టడం ఇదే మొదలు. స్టూలు దిగి, తడి చేత్తోనే రిసీవరు తీసుకుంది.

"మేడమ్, రేపు తొమ్మిదింటికి వస్తాను."

అనసూయమ్మ కొడుకు తడిసిన చొక్కా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. అప్పుడే కాలింగ్ బెల్ మోగింది.

"వాళ్లొచ్చేసినారు" అన్నాడు మధుసూదన్, గొంతు తగ్గించి. "వచ్చి పట్టుకో భూలక్ష్మీ. ఎంతసేపని పట్టుకునేది?"

భూలక్ష్మి టవలుతో చేయి తుడుచుకుంది. వేళ్ల సందుల్లో నాలుగు రేణువులు మిగిలాయి, నడి రకం. వాటిని బొటనవేలితో రాసి చూసుకుంది.

"అత్త చేత పై రాయి నుంచి ఒక్కొక్కటే తీయించండి. తర్వాత అద్దం మీద రాయి, ఆ తర్వాతే ఇసుక."

"నువ్వు చెయ్యవా?"

"ఇసుకలో చేయి పెట్టినందుకు రేపట్నుంచి నాకు జీతమిస్తారు. ఇవాళ ఆదివారం, సెలవు" అని చెప్పి, ఆమె తలుపు తీయడానికి వెళ్లింది.