ఆరు బోర్డుల ఇల్లు

బోర్డులు పెట్టింది వాళ్లు, ధర అడిగింది నేను. ఇందులో నా తప్పేమిటో ఇప్పటికీ అర్థం కాదు.

1980 ఫిబ్రవరి. అమెరికాలో, షామ్‌బర్గ్‌కు నాలుగు గంటల దూరంలో చిన్న కాలేజీ ఊరు. మా ఆయన కృష్ణమోహన్ ఆ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. పొద్దున వెళ్తే చీకటిపడ్డాకే రావడం. నేను అద్దె అపార్ట్‌మెంట్‌లో, కిటికీ దగ్గర. ఊళ్లో ఇంకో తెలుగు ముఖం లేదు. షామ్‌బర్గ్‌లో ఉన్న నా స్నేహితురాలు ఆండాళ్‌కు ఆదివారం ఫోన్ చేస్తే, మూడు నిమిషాలు కాగానే బిల్లెక్కుతుందని మా ఆయన గడియారం చూసేవారు. నోట్లో నాలుక ఉందో లేదో మరిచిపోయిన రోజులవి. సొంత ఇల్లుంటే పెరట్లో గోంగూరతోనైనా మాట్లాడుకోవచ్చని నా ఆశ.

అలాంటి ఒక ఆదివారం పొద్దున, ఎదురింటి ముందు మంచులో ఆరు బోర్డులు కనిపించాయి. అన్నిటి మీదా ‘ఫర్ సేల్’ అనే ఉంది.

“ఒక్క ఇంటికి ఆరు బోర్డులెందుకండీ?” అన్నాను.

“అర్జంట్‌గా సెల్ చేయాలేమో. ధర తగ్గిస్తాడు, పద,” అన్నారు మా ఆయన. పీహెచ్‌డీ చేసిన మనిషి!

తలుపు తీసినతను గుమ్మమంత ఎత్తున్నాడు. యాభై ఏళ్లుంటాయి. కాళ్లకు మేజోళ్లే. “ఇల్లు చూడ్డానికొచ్చాం. ఎంతకిస్తారు?” అని నేనే అడిగాను. వెక్కిరిస్తున్నానేమోనని కాబోలు, నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత పక్కకు జరిగి, “రండి” అన్నాడు.

ఇల్లంతా చూపించాడు. పేరు ఎర్ల్ డ్రిస్కల్ అని, నాలుగేళ్లుగా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుకు కోచ్‌నని చెప్పాడు. వంటింట్లో ఆరబెట్టిన కంచం ఒకటే, చెంచా ఒకటే. మేడమీద ఆడపిల్ల గది, మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. భార్య కూతుర్ని తీసుకుని ఒహాయో వెళ్లిపోయి రెండేళ్లయిందట. “ఏడాదిలో ఐదు నెలలు బస్సులోనే ఉంటాను. వాళ్లను తప్పు పట్టలేను,” అన్నాడు. కింద బేస్‌మెంట్‌లో ప్రొజెక్టరు, ఫిల్ము డబ్బాలు, ఒక్క కుర్చీ. ఓడిన ఆటలన్నీ అక్కడ కూర్చుని మళ్లీ చూస్తాడట. ఓడినవి ఎవరైనా మళ్లీ చూస్తారా, నా ఖర్మ కాకపోతే!

తిరిగి గుమ్మం దాకా వచ్చాక చెప్పాడు. “ఇల్లు అమ్మకానికి లేదు మేడమ్. నిన్న మేం ఓడిపోయాం. ఓడినప్పుడల్లా కుర్రాళ్లు ఎక్కడెక్కడి బోర్డులో పీక్కొచ్చి ఇక్కడ పాతుతారు, నన్ను ఊరు వదిలిపొమ్మని. తెల్లారేలోపే పీకేస్తుంటాను, ఇవాళ ఓపిక లేకపోయింది.”

“అయ్యో, ముందే చెప్పొచ్చుగా?”

“ఇంటికి మనుషులొచ్చి చాలా రోజులైంది,” అన్నాడు.

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మెట్లు దిగేలోపే ఆ సిగ్గు కోపమైంది. బంతి రింగులో పడకపోతే మనిషి ఇల్లమ్ముకోవాలా? ఇదెక్కడి న్యాయం? ఆరు బోర్డులూ పీకి, మూడు మా ఆయన చేతిలో పెట్టాను. “పోలీసులొస్తారే!” అని ఆయన గోల. రానీ!

అది మొదలు నాలుగు చలికాలాలు నాకదే ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం రేడియోలో ఆట వినడం, ఓడిపోతున్నారని తెలియగానే మా ఆయన బూట్లు నేనే తొడుక్కుని కాపలా కాయడం, కోచ్ ఇంటికొచ్చేలోపు బోర్డులు పీకేయడం. ఎండాకాలం వాటిని కడిగి, పాత చీర పరిచి, బాల్కనీలో వడియాలు పెట్టాను. కోచ్ రోడ్డు మీంచి తలెత్తి చూశాడు. చీర అంచు కింద ‘ఫర్ సేల్’ కనిపించింది. నడిరోడ్డు మీద నిలబడి పడీపడీ నవ్వాడు. అతను నవ్వగా చూడటం అదే మొదలు. థాంక్స్ అని ఒక్కమాట అనలేదు. కానీ మంచు పడ్డ ప్రతి పొద్దునా మా మెట్లు శుభ్రం చేసి ఉండేవి.

వచ్చిన కొత్తలో రెండేళ్లు బాగా గెలిచాడట. తర్వాత అన్నీ ఓటములే. క్లాసులు ఎగ్గొట్టినవాణ్ణి ఆడనివ్వడు, వాడెంత మొనగాడైనా సరే. అదే కొంప ముంచింది. 1984లో చివరి ఆటకు ముందు రోజు, మా మెట్ల మీద మంచు తోస్తూ చెప్పాడు. “రేపు గెలిస్తే ఇంకో ఏడాది ఉంచుతారు. లేకపోతే వెళ్లిపోవాలి.”

“క్లాసులు ఎగ్గొట్టిన ఆ పొడుగు పిల్లాణ్ణి ఈ ఒక్కసారికి ఆడించండి కోచ్ గారూ. ఎవరు చచ్చిపోతారు?”

“వాణ్ణి జట్టులోకి తెచ్చినప్పుడు వాళ్లమ్మ వంటింట్లో కూర్చుని మాటిచ్చాను వాసూ, చదివిస్తానని.”

వసుమతి అనే నా పేరు అతని నోట అలా సగమే పలికేది.

ఒక్క పాయింటుతో ఓడిపోయారు. రేడియో కట్టేసి, బూట్లు వేసుకుని పరిగెత్తాను. ఒక్క బోర్డూ లేదు. చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ రాలేదు. ఊరు అతన్ని తిట్టడం కూడా మానేసిందని అర్థమైంది. అంతకన్నా వాళ్లు వంద బోర్డులు పాతినా బాగుండేది.

ఎనిమిదో రోజు పొద్దున చూస్తే ఒక బోర్డు. ఒళ్లు మండిపోయింది. ఓడాడని పొమ్మన్నది చాలక, ఇంకా వెక్కిరింపా? చెప్పులతోనే వెళ్లాను. ఈసారిది సన్నపు ఊచ కాదు, కర్ర స్తంభం, లోతుగా పాతారు. ఊపాను, తన్నాను, కోచ్ గుమ్మం పక్కనున్న పార తెచ్చి చుట్టూ తవ్వాను. చివరికి ఊడొచ్చి నా మీద పడింది.

తలుపు తెరుచుకుంది. అవే మేజోళ్లు.

“అది నేను పెట్టించింది వాసూ,” అన్నాడు.

నెబ్రాస్కాలో ఏదో హైస్కూల్లో పని దొరికిందట. నేను స్తంభాన్ని కావలించుకునే ఉన్నాను.

“ఈ ఇంటి ధర మొదట అడిగింది మీరే,” అన్నాడు. “ఇంకా కావాలా?”

ఎన్నాళ్లుగా కలలు కన్న సొంతిల్లు. “నాకిల్లు వద్దు కోచ్ గారూ, మీరుండండి,” అన్నాను. అని, నడివీధిలో చిన్నపిల్లలా ఏడ్చాను.

అతను నా చేతుల్లోంచి స్తంభం తీసుకుని గుంతలో నిలబెట్టి పట్టుకున్నాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పట్టుకున్నవాడు మట్టి కప్పలేడు. కళ్లు తుడుచుకుని పార అందుకున్నాను. మట్టి వేసి, కాలితో గట్టిగా తొక్కాను.