పదకొండు సెంటీమీటర్లు

వార్చిన గంజి గిన్నె పట్టుకుని పెరటి మెట్టు మీదకొచ్చాను. లోపల్నుంచి మా ఆయన యజ్ఞనారాయణ ఇస్త్రీ చొక్కా కోసం మూడోసారి పిలుస్తున్నారు. అత్తగారికి మాత్ర ఇవ్వాలి. చూసుకోకుండా పక్కకి పారబోశాను. వేడి గంజి తిన్నగా మా అమ్మాయి హరిప్రియ కుండీలో పడింది.

ఆరో తరగతి పిల్లలందరినీ ఇంట్లో చిక్కుడు గింజలు నాటి, రోజూ స్కేలుతో కొలిచి నోటుబుక్కులో రాయమన్నారు సైన్సు టీచరు దుర్గాశ్రీగారు. హరిప్రియ నిద్ర లేస్తూనే ఆ కుండీ దగ్గర కూర్చునేది. మధ్యాహ్నానికి మొలకలన్నీ ఉడికిన ఆకుకూరలా వాలిపోయాయి.

దానికి నిజం చెప్పేయొచ్చు. కానీ అది ఏడిస్తే ఆయనకి తెలుస్తుంది. "ఇంట్లో ఖాళీగా ఉండేదానివి, ఆపాటి చూసుకోలేవా?" పాలు పొంగినా, మోటారు కట్టేయడం మర్చిపోయినా పన్నెండేళ్లుగా ఇదే మాట, పిల్ల ముందే. ఇంకోసారి వినలేననిపించింది. పెరట్లో చిక్కుడు పాదు కింద గింజలు రాలి మొలిచిన మొక్కలుంటే, వేళ్లతో సహా తీసి కుండీలో నాటేశాను.

సాయంత్రం హరిప్రియ కొలిచింది.

"అమ్మా, నిన్న ఆరు సెంటీమీటర్లే. ఇవాళ పదకొండు."

"ఎండ బాగా తగిలిందిలే."

నా గోళ్లలో మట్టి వైపు చూసింది. పదకొండని రాసుకుంది.

నెలాఖరున పేరెంట్స్ మీటింగులో దుర్గాశ్రీగారు ఆ పేజీ మా ముందు పెట్టారు. "ఒక్కరోజులో ఇంత పెరగదండి. అడిగితే, కొలవకుండా రాసేశానని తనే ఒప్పుకుందండి. క్లాసులో నిలబెట్టి మందలించేను."

మా ఆయన నావైపు తిరిగారు. "ఇంట్లో ఉండి పిల్ల చదువు కూడా చూడలేవా?"

పక్కనే నిలబడ్డ హరిప్రియ తల వంచుకుంది. దానికంతా తెలుసు. నేను ఆ మాట పడకూడదని తప్పు తన మీద వేసుకుంది. సిగ్గుతో నా ఒళ్లంతా కుంచించుకుపోయింది. ఆయన ముందు నిజం ఎలా మింగాలో నా కూతురికి ఏ టీచరూ నేర్పలేదు. నన్ను చూసి నేర్చుకుంది.

"అది సరిగ్గానే కొలిచిందండి," అన్నాను. "వేడి గంజి పోసి మొలకల్ని చంపేసింది నేనండి. భయమేసి వేరేవి పెట్టేను."

"పిల్లకి చెప్పేస్తే పోయేది కదండీ," అన్నారు టీచరు నెమ్మదిగా. "భయం దేనికండీ?"

జవాబు నోటిదాకా వచ్చింది. పుట్టింట్లో కూడా ఎన్నడూ పైకి అనని మాట అది. పక్క కుర్చీలోంచి ఆయన చూస్తూనే ఉన్నారు. హరిప్రియ చెయ్యి పట్టుకున్నాను.

"ఈయనంటేనండి భయం," అన్నాను.