మేస్త్రి వదిలేసిన కన్నం

మా ఆయన మేస్త్రి. ఊరందరికీ గోడలు కడతాడు, మా వంటింటి గోడకి మాత్రం కన్నం పెట్టి పోయాడు. కిటికీ పెడతానని నాలుగు రాళ్లు పీకాడో లేదో, కొండల అవతల ఆనకట్ట పనికి రమ్మని కబురొచ్చింది. "రెండు రోజుల్లో వచ్చి బిగించేస్తా" అన్నాడు. చలికాలం వచ్చి పోయింది, మహానుభావుడు రాలేదు. ఫోన్ చేస్తే "తిన్నావా? సరే, ఉంటా." అంతే.

ఆ కన్నంలో ఒక పిట్ట దిగింది. బండల మధ్య గెంతుతూ పురుగులు ఏరుకుతినే నల్లపిట్ట, తోక మొదట్లో తెల్లగా ఉంటుంది. గూడు కట్టుకుంటే కట్టుకుంది, గులకరాళ్లు తెచ్చి పోయడమేంటి! నేను ఊడ్చేస్తాను, అది మళ్లీ తెస్తుంది. దాని ఒళ్లెంత, ఆ రాయెంత! చీపురెత్తితే మా అత్తగారు ఆపింది.

"అది మగపిట్టే తల్లీ. ఆడపిట్ట చూసి మెచ్చాలని మోస్తోంది. మెచ్చితేనే ఉంటుంది."

"ఆ పాటి బుద్ధి మీ అబ్బాయికి లేదు."

"వాళ్ల నాన్నకీ లేదు" అంది ఆవిడ.

ఆయనకి ఫోన్‌లో చెప్పాను, "నువ్వు వదిలేసిన పని ఇంకో మేస్త్రి ఎత్తుకున్నాడు" అని. "ఎవడు వాడు?" అని అరిచాడు. సంగతి చెబితే పగలబడి నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లైందో! ఆయన పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.

అప్పట్నుంచి రోజూ ఫోనే. ఆడపిట్ట వచ్చిందా? గుడ్లు పెట్టిందా? పిల్లలకి రెక్కలొచ్చాయా? నేనెలా ఉన్నానని అడిగితే ఒట్టు. అయినా ఆ ఫోన్ ధ్యాసలో పడి కూరలు మాడబెట్టేదాన్ని.

పిల్లలు ఎగిరిపోయాయని చెప్పిన వారానికే దిగాడు, చంకలో కిటికీ చట్రంతో. ఒక్క రోజే సెలవట. చొక్కా కూడా మార్చకుండా సిమెంటు కలిపాడు. తాపీ ఎత్తేసరికి అడ్డం నిలబడ్డాను.

"ముట్టుకోకు."

"పిచ్చా నీకు? గాలి ఎలా కొడుతోందో చూడు."

"కొట్టనీ. ఈ కన్నం ఉందనేగా రోజూ ఫోన్ చేశావు. ఇది కూడా పూడ్చేస్తే నాకేం మిగులుతుంది? నువ్వు లేకుండా ఉండలేకపోతున్నానయ్యా."

ఆయన తాపీ కింద పెట్టేశాడు. కలిపిన సిమెంటు తట్టలోనే గట్టిపడిపోయింది.

తెల్లారి నేను లేచేసరికి సంచీ లేదు, ఆయనా లేడు. ఒళ్లు మండిపోయింది. మొత్తం ఊడ్చిపారేద్దామని చీపురు పట్టుకుని కన్నం దగ్గరికి వెళ్లాను. గులకరాళ్ల పక్కన పెద్ద రాయి ఒకటి ఉంది. ఆ గోడలోంచి ఆయనే పీకి పెరట్లో పడేసిన రాయి. మోసుకొచ్చి, శుభ్రంగా కడిగి మరీ పెట్టాడు.

"పర్లేదు, వాళ్ల నాన్న కంటే నయమే" అంది మా అత్తగారు వెనక నుంచి.

మెచ్చానని చెబుదామని వీధిలోకి పరిగెత్తాను. బస్సు అప్పటికే కొండ మలుపు తిరిగిపోయింది.