చిల్లు లేని గూడు

డింగీని విరగ్గొట్టి, ఆ చెక్కలతో పెరట్లో కోళ్లగూడు కట్టమంది మా ఆవిడ గవరమ్మ. ఇన్నేళ్లు మా ఇద్దరికీ అన్నం పెట్టిన చేపల పడవ అది. పాత మంచం సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది.

దాని తప్పేమీ లేదనుకోండి. పోయిన ఏడాది నడిసముద్రంలో నాకు మూర్ఛ వచ్చింది. వల లాగుతున్నవాణ్ణి లాగుతున్నట్టే నీళ్లలో పడ్డాను. తోడొచ్చిన లోకనాథం జుట్టు పట్టుకుని పైకి లాగబట్టి ఈ మాత్రం మాట్లాడుతున్నాను. ఒళ్లు కుదుటపడ్డాక గవరమ్మ నా చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, ఇక సముద్రం మీదికి వెళ్లనని ఒట్టు వేయించింది. గంగమ్మ సాక్షి అని కూడా అనిపించింది. ఒట్టు తీసి గట్టుమీద పెట్టే రకాన్ని కాను. అదే నా ఖర్మ.

అప్పట్నుంచి ఈ దీవిలో ఒడ్డుకి దూరంగా ఉన్న గరాచర్మలో, ఈ ఇంట్లోనే ఉన్నాను. ఇక్కడికి సముద్రం కనపడదు, వినపడదు. జంగ్లీఘాట్ చేపల రేవు వైపు వెళ్లే బస్సు మాత్రం మా గుమ్మం ముందు నుంచే పోతుంది. హారన్ మోగితే చాలు, నేనున్నానో లేదో అని గవరమ్మ వంటింట్లోంచి తొంగి చూస్తుంది. గంప కింద మూసిన కోడికీ నాకూ తేడా లేదు.

డింగీ మినీ లారీ మీద ఇంటికొచ్చింది. సుత్తి తీశాను గాని చెయ్యి లేవలేదు.

"ఇరగ్గొట్టడం ఎందుకే? డింగీనే గూడు సేసేద్దుం. అడుగున సందు నేదు. పామూ రాదు, ఎలకా రాదు" అన్నాను.

గవరమ్మ నా మొహం కాసేపు చూసింది. "నీ ఇట్టం" అంది.

ఇంటి చూరు కింద పాత టైర్లు పేర్చి వాటి మీద డింగీని కూర్చోబెట్టాను. హాడో రేవులో పారేసిన పెట్టెల చెక్కలు గుంజలయ్యాయి. పక్కింటి ఆటో డ్రైవరు ప్రసన్న కుమార్ తన ఇంటికి కప్పు మారుస్తూ పాత రేకులు ఇచ్చాడు. చుట్టూ నా పాత వలే దడి. మేకు మాత్రం ఒక్కటీ కొట్టలేదు, అన్నీ తాళ్లతో బిగించాను. పలకల సందుల్లో నీరు చొరకుండా దూది కుక్కి గుగ్గిలం పూశాను.

కోళ్లగూటికి ఎవడైనా గుగ్గిలం పూస్తాడా? నేను పూశాను. ఏదో ఒకనాటికి మూర్ఛ మాత్రలు పనిచేస్తాయి, గవరమ్మ మనసు మెత్తబడుతుంది, తనే ఒట్టు తీసేస్తుంది. ఆ రోజు తాళ్లు విప్పేస్తే చాలు, నా డింగీ నాకుంటుంది. ఆ ఆశ లేకపోతే ఈ నాలుగు గోడల మధ్య నాకు ఊపిరాడదు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ప్రసన్న కుమార్ గోడ మీంచి చూశాడు. "క్యా భయ్యా, జలప్రళయానికి నోవహు ఓడ కడతన్నావా?"

"నవ్వు నవ్వు. రేపు గుడ్లకి నా గుమ్మంలోకే వస్తావు."

వాడు పగలబడి నవ్వాడు. గవరమ్మ నవ్వలేదు. గుంజకున్న ముడిని వేలితో తడిమి, "మేకు నేకపోతే గాలికి ఆగుతాదా?" అంది.

"నానేసిన ముడి అది" అన్నాను.

కోళ్లు వచ్చాయి. ఒక పెట్ట పిల్లల్ని కూడా చేసింది. ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి.

ముడి ఆగింది. తాడే పాతది, తెగింది. ఆ మధ్యాహ్నం నేను మాత్ర మత్తులో పడుకుంటే, గవరమ్మ రేషన్ షాపుకి వెళ్లింది. రేకు లేచిపోయి, చూరు నీళ్లన్నీ తిన్నగా డింగీలో పడ్డాయి. బయటి నీళ్లని లోపలికి రానివ్వని డింగీ లోపలి నీళ్లని బయటికీ పోనివ్వదు. సముద్రంలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం తట్టలేదు నాకు.

గవరమ్మ కేకకి లేచి పరిగెత్తాను. పెద్ద కోళ్లు అడ్డపలక ఎక్కి అరుస్తున్నాయి. పిల్లలు నీళ్లలో తేలుతున్నాయి. గవరమ్మ బతికున్నవాటిని చెంగులో వేసుకుని వంటింట్లోకి మోసింది. నేను నూనె డబ్బా పుచ్చుకుని డింగీలోకి దూకి నీళ్లు తోడడం మొదలుపెట్టాను.

కాళ్ల కింద డింగీ, చేతిలో డబ్బా, నెత్తిన వాన. నిజం చెప్పొద్దూ, ఏడాదిలో మొదటిసారి నాకు ప్రాణం లేచొచ్చింది. చచ్చిన పిల్లలు పక్కన తేలుతుంటే సంబరపడ్డ వెధవని నేను.

తలెత్తి చూస్తే గవరమ్మ. అరచేతిలో తడిసిన కోడిపిల్ల. నీళ్లని కాదు, నా మొహాన్నే చూస్తోంది. లోపలికెళ్లి చెక్క తొలిచే బర్మా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సిల్లు పెట్టు."

"తోడేస్తన్నాను గదే!"

"వానొచ్చినపుడల్లా తోడతావా? గుగ్గిలం వాసన నాకు తెల్దేటి? మేకు కొట్టనినాడే తెలిసింది. నువ్వే మారతావని ఊరుకున్నాను."

అమరం దగ్గర, వెనక మూల, వేలంత చిల్లు పెట్టాను. బతుకంతా చిల్లులు పూడ్చిన చేత్తోనే పెట్టాను. నీళ్లు బుడబుడమంటూ పోయాయి. అప్పుడు కూడా ఆ చిల్లుకి ఏ కర్రతో బిరడా చెక్కాలా అనే ఆలోచిస్తున్నాను.

"ఇంకోటి" అంది గవరమ్మ.

"నీరు పోతంది గదే."

"ఒకటైతే నువ్వు బిరడా కొడతావు."

బర్మా లాక్కుని డింగీలోకి ఎక్కింది. "ఆ రోజు ఒడ్డున నిన్ను నా ఒళ్లో ఏస్తే ఈ కోడిపిల్లలాగే ఉన్నావు మావా. సల్లగా" అంది. డింగీ నడిబొడ్డున బర్మా మొన ఆనించింది. ఎప్పుడూ పట్టింది కాదు, మొన జారిపోతోంది. ఏడుస్తూనే తిప్పుతోంది.

దాని చెయ్యి పట్టుకుని ఆపొచ్చు, ఆపలేదు. మోకాళ్ల మీద కూర్చుని, జారకుండా బర్మా మొన పట్టుకున్నాను.

"వంకర పోతంది. నిలువుగా పట్టుకోయే" అన్నాను.