డి డ్రైవ్‌లో నాన్న గొంతు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. కంప్యూటర్లు బాగుచేసే షాపులో పొద్దస్తమానం నిలబడితే ఎవరికైనా వస్తుంది. ఆ ఉదయం తమ్ముడు ఇంటి నుంచి ఫోన్ చేసేసరికి, ఎదురుగా ఒకాయన పాత ల్యాప్‌టాప్ పట్టుకుని నా ప్రాణం తీస్తున్నాడు.

"అక్కా, సి డ్రైవ్ నిండిపోయింది. పక్కనున్న భాగం తీసేసి దీంట్లో కలిపేస్తా."

"డి జోలికెళ్లకు. నాన్న గొంతు అందులోనే ఉంది."

ఆపరేషన్లో స్వరపేటిక తీసేసే ముందు, నెల రోజులు కూర్చుని నాన్న రికార్డు చేసిన మాటలవి. ఇంకెక్కడా లేవు. కాపీ తీస్తానని నేను ఏడాదిగా అంటూనే ఉన్నాను.

"డి కాదక్కా. ఎక్స్‌టెండెడ్ అని ఇంకోటుంది. వాడింది సున్నా అని చూపిస్తోంది."

అవతల టక్ టక్‌మని చప్పుడు మొదలైంది.

"సున్నా అయితే తీసెయ్. నా బుర్ర తినకు. ఏంట్రా ఆ గోల?"

"నాన్న బల్ల మీద కొడుతున్నారు. కాఫీ కోసమేమో."

"కాసేపు ఆపమను. ఒక్క ముక్క వినపడట్లేదు."

స్పీకర్ పెట్టినట్టున్నాడు. చప్పుడు వెంటనే ఆగిపోయింది.

ఫోన్ పెట్టేశాక ల్యాప్‌టాప్ ఆయన అడిగాడు. "ఎక్స్‌టెండెడ్ అంటే ఏంటమ్మా?"

నోటికొచ్చిన పాఠం అప్పజెప్పాను. "పాత పద్ధతి డిస్కులో ప్రైమరీ భాగాలు నాలుగే పడతాయండీ. ఇంకా కావాలంటే ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేస్తారు. అది ఉత్త డబ్బా. లోపల లాజికల్ డ్రైవులు పెడతారు. డబ్బా తీసేస్తే లోపలివి కూడా..."

మా ఇంట్లో డి డ్రైవ్ లాజికల్. అలా పెట్టింది నేనే.

వెంటనే మళ్లీ ఫోన్ చేశాను. "ఒరేయ్, కంప్యూటర్ వైరు పీకెయ్."

"అయిపోయిందక్కా, కలిపేశా. సినిమాలు కూడా ఎక్కించేస్తున్నా."

తీసేసినంత మాత్రాన ఏదీ చెరిగిపోదు. దాని మీద కొత్తది రాస్తేనే పోతుంది. ఈ మాట షాపుకొచ్చే ప్రతివాళ్లకీ చెబుతాను.

ఇంటికి పరిగెత్తాను. సాయంత్రం దాకా వెతికితే ముక్కలు దొరికాయి. ఒక్కటీ పలకలేదు. తమ్ముడు ఏడుస్తున్నాడు. వాణ్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

నాన్న ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నారు. వేళ్ల కణుపులు ఎర్రగా కమిలిపోయాయి. పలక తీసుకుని మెల్లగా రాసి, నా వైపు తిప్పారు.

"డి కూడా పోతోందని తెర మీద చూశాను. అందుకే కొట్టాను. నువ్వు ఆపమన్నావు."