చలాకీకి రెండో అర్థం

జిగురు ఆరని కార్డును అంచులు పట్టుకుని ఎత్తి, 'చర్మం' తర్వాత, 'చలి'కి ముందు పెట్టాడతను. నిఘంటు కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే బల్ల. చొక్కా కుడిచేతి అంచు జిగురుతో ఎప్పుడూ బిరుసెక్కి ఉండేది. తోటివాళ్ళు అతన్ని 'ఉలకడు పలకడు' అనేవారు. అది చెవిన పడినా అతను ఉలకలేదు, పలకలేదు.

సంపాదకురాలు ఆ కార్డు తీసి చదివింది.

"చలాకీ. ఒకటో అర్థం, కదలికలో చురుకు. పదకొండు ఉదాహరణలు. రెండోది, కదలకపోయినా మనిషిలో ఉండే హుషారు. దీనికి ఒక్కటీ లేదేమండీ?"

"ఉందండీ. మా అక్క అన్న మాట."

"అచ్చులో లేని మాటకి అన్నవాళ్ళ సంతకం ఉండాలి. ఆ పద్ధతి పెట్టించిందే మీరు. ఇవాళ సాయంత్రం ఆరింటికి 'చ' విభాగం ప్రెస్సుకి వెళ్తుంది. ఆలోగా రాకపోతే రెండో అర్థం తీసేస్తాను."

మధ్యాహ్నం అన్నం మానేసి అక్క దగ్గరికి నడిచాడు. మూడో అంతస్తులో ఒకే గది. కాళ్ళ వాపు వల్ల ఆమె మెట్లు దిగి ఏడాది దాటింది. కిటికీ పక్కన కుట్టుమిషను ముందు కుర్చీలో కూర్చుని గుండీలు కుడుతోంది. అమ్మానాన్నలు పోయాక ఆ మిషను మీదే అతన్ని చదివించింది.

"ఎండన పడి వచ్చావేంట్రా? ఉద్యోగం ఊడిందా?"

"సంతకం కావాలక్కా." కార్డు మీద కొత్తగా రాసింది చదివి వినిపించాడు. "'మెట్లు దిగలేను గానీ, కూర్చున్నచోట చలాకీగానే ఉన్నాను.' నువ్వన్నదే."

"అన్నానా? ఎవరితో?"

"పాలమ్మాయితో. పోయిన వారం, నేనిక్కడ ఉండగానే."

"పాలమ్మాయితో అన్న మాటలు కూడా పుస్తకంలో వేస్తారా! ఇక నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలి." నవ్వు దగ్గులోకి దిగింది. తేరుకున్నాక అడిగింది. "ఇంతకీ ఎక్కడి మాటరా అది?"

"పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ జిత్తులమారితనాన్ని కూడా అలాగే అంటారు. మన దగ్గర జిత్తులు పోయి, చురుకు మిగిలింది."

"దారిలో పారేసుకుందన్నమాట. మంచిపనే చేసింది." దారం కొరికింది. "నిన్నెవరూ చలాకీ అనరులే, భయపడకు."

అతని మొహంలోనూ నవ్వు లాంటిదేదో కదిలింది.

"చేతులు వణుకుతున్నాయిరా. వంకరగా పెడితే నీకు తలవంపులు. కాస్త కునుకు తీసి పెడతాను. కార్డు ఉంచి వెళ్ళు."

అప్పుడే పెట్టించుకోవచ్చు. అతను తొందరపెట్టలేదు.

అయిదున్నరకి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"టీ ఇద్దామని వచ్చాను బాబూ. పిలిస్తే పలకలేదు. డాక్టరుగారు చూసి వెళ్ళిపోయారు."

అక్క కుర్చీలోనే ఉంది. తల కిటికీ వైపు వాలింది. అతను ఆమె పాదాల దగ్గర జారిన చీర అంచు సర్ది, కాసేపు అక్కడే కూర్చున్నాడు. తర్వాత పక్కింట్లోకి వెళ్ళి సంపాదకురాలికి ఫోన్ చేశాడు.

"సంతకం దొరికిందా అండీ?"

"లేదండీ."

"సొంత అక్కగారే కదా, మీరే పెట్టేయండి. నేనేమీ అనను."



"ఆవిడ పెట్టలేదండీ. రెండో అర్థం కొట్టేయండి."

ఎందుకు పెట్టలేదో చెప్పలేదు. ఫోన్ పెట్టేసి గదిలోకి వచ్చాడు. మిషను పలక మీద కార్డు పరిచి ఉంది. సంతకం చోటు ఖాళీగానే ఉంది. దాని మీద ఆమె కళ్ళజోడు, అప్పుడే తీసి పెట్టినట్టు, కాడలు మడవకుండా ఉంది.