అబ్బాయి పోసిన ఆయిల్

మా బావ పొద్దున్నే స్పోర్ట్స్ కారు స్టార్ట్ చేస్తే వీధి చివరి ఇంట్లో అటక మీది గిన్నెలు దిగివచ్చేవి. నమ్మకపోతే ఆ గిన్నెల్నే అడగండి. ఆ కారు బావ కొడుకుది, అంటే నా మేనల్లుడిది. జబ్బుచేసి పోయే ముందు ఇంజన్ ఆయిల్ వాడే స్వయంగా మార్చాడు. అప్పటినుంచి బావ కారును షెడ్డు దాటించలేదు. రోజూ కాసేపు ఇంజన్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని వినేవాడు, అంతే.

మెకానిక్‌ని కదా, ఒకరోజు ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగాను. పెట్రోలు వాసన గుప్పుమంది. ఆయిల్ నీళ్లలా జారిపోయింది.

"బావా, ఇది ఆయిల్ కాదు, కుడితి. మార్చేద్దాం."

"బండి కదిలితే కదరా మార్చడానికి! మీటరు చూడు, ఎక్కడున్నది అక్కడే ఉంది."

"కదలకపోయినా ఏడాదికోసారి మార్చాలి. చల్లటి ఇంజన్‌ని కాసేపు తిప్పి ఆపేస్తుంటే పెట్రోలు ఆయిల్లోకి దిగుతుంది. నీ బుర్రలోకే ఏదీ దిగదు."

ఎప్పుడూ ఎదురు తిట్టే మనిషి, ఆ రోజు పుల్ల లాక్కున్నాడు.

"అది మావాడు పోసిందిరా."

"పాతది డబ్బాలో పట్టి నీకే ఇస్తాను బావా. లేకపోతే ఇంజన్ పట్టేస్తుంది. ఆ చప్పుడు కూడా మిగలదు."

"నువ్వెళ్లు," అన్నాడు.

చలికాలంలో ఒక పొద్దున ఇంజన్ కీచుమని అరిచి ఆగిపోయింది. నేను పరిగెత్తుకెళ్లేసరికి బావ కళ్లు మూసుకుని తాళం తిప్పుతూనే ఉన్నాడు.

"వినపడుతోందిరా?" అన్నాడు.

ఇన్ని కోతలు కోసిన నా నోటికి ఆ ఒక్క అబద్ధం రాలేదు.